నేర్పే చేతికి కూలి ఏది?



పోయిన వార్షికోత్సవం రోజు రాత్రి భోజనాలయ్యాక పాత విద్యార్థులం పది పదిహేను మందిమి హాస్టల్ వరండాలో కూర్చున్నాం. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఒక తమ్ముడు మంచి మాట ఎత్తాడు. మన శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో, తండాల్లో కుట్టుపని, మగ్గం వర్క్, అద్దాల కుట్టు తెలిసిన ఆడవాళ్లు ఎంతోమంది ఉన్నారు. వాళ్ల చేత పాఠాలు చెప్పించి ఒక వెబ్‌సైట్ పెడదాం, మన హాస్టల్ పేరు నిలబడుతుంది అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. చివర్లో ఒక మాట కలిపాడు: "అంతా ఉచితమే అన్నా, సేవ లెక్క చేద్దాం."

ఆ ఒక్క మాట దగ్గరే నాకు పేచీ వచ్చింది. ఆ రాత్రి గట్టిగా చెప్పలేకపోయాను. ఏడాదంతా ఆలోచించి ఇప్పుడు రాస్తున్నాను. వెబ్‌సైట్ పెట్టాల్సిందే. కానీ చందా పెట్టాలి, డబ్బు తీసుకోవాలి, ఆ డబ్బు ముందుగా నేర్పే మనిషి చేతికి పోవాలి. ఉచితం అంటే మాత్రం నేను ఒప్పుకోను. ఎందుకో చెప్తాను, ఓపికగా చదవండి.

మన ఊరి సంగతి

2008 మార్చి 23న శంషాబాద్ విమానాశ్రయంలో విమానాలు దిగడం మొదలైంది. అంతకు ముందు ఇక్కడ బెంగుళూరు హైవే, కొన్ని ఊళ్లు, జొన్న చేలు, కూరగాయల తోటలు. సుమారు 5,500 ఎకరాల్లో విమానాశ్రయం వచ్చింది. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. భూముల ధరలు పెరిగాయి. భూమి ఉన్నవాళ్ల బతుకు ఒక తీరుగా మారింది, భూమి లేనివాళ్ల బతుకు ఇంకో తీరుగా మారింది. మన హాస్టళ్లలో చదివినవాళ్లలో ఎక్కువమంది రెండో రకం ఇళ్ల నుంచి వచ్చినవాళ్లమే. మనలో కొందరు కార్గోలో లోడింగ్ పనికి, కొందరు సెక్యూరిటీకి, కొందరు క్యాబ్ నడపడానికి పోయారు. అందులో తప్పేమీ లేదు. కష్టపడి ఇళ్లు నిలబెట్టుకున్నారు.

ఆడపిల్లలకు మాత్రం దారులు తక్కువ. శంషాబాద్‌లో జీఎంఆర్ వరలక్ష్మి ఫౌండేషన్ శిక్షణ కేంద్రం ఉంది. ముచ్చింతల్‌లో స్వర్ణభారత్ ట్రస్టు ఉంది. వృత్తి శిక్షణ ఇస్తారు, చాలామంది బాగుపడ్డారు. కానీ రోజూ ఇంటి నుంచి బయలుదేరి, రెండు ఆటోలు మారి, పొద్దుగూకేదాకా అక్కడ ఉండగలిగినవాళ్లకే ఆ చదువు. చంకలో పిల్ల ఉన్న తల్లికి, మంచాన పడిన అత్తకు అన్నం పెట్టాల్సిన కోడలికి, పదో తరగతి తప్పి ఇంట్లో కూర్చున్న చెల్లెకు అది కుదరదు. వాళ్ల చేతిలో ఫోను మాత్రం ఉంది. 2016లో జియో వచ్చినప్పటి నుంచి డేటా కూడా ఉంది. కాబట్టి పాఠం వాళ్లింటికి పోవాలన్న తమ్ముడి ఆలోచన నూటికి నూరుపాళ్లు సరైనది.

వీడియో చూపిస్తుంది, చూడదు

"యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయి కదా, మళ్లీ మన వెబ్‌సైట్ ఎందుకు?" అని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్నే. ఉషా కుట్టుమిషన్ల కంపెనీ తమ వెబ్‌సైట్‌లో తెలుగుతో సహా పలు భారతీయ భాషల్లో కుట్టు పాఠాలు ఉచితంగానే పెట్టింది. యూట్యూబ్‌లో తెలుగులో మగ్గం వర్క్ అని కొడితే చూడలేనన్ని వీడియోలు వస్తాయి. అవి చూసి నేర్చుకున్నవాళ్లూ ఉన్నారు.

మా చిన్నమ్మ కూతురు శంషాబాద్ పక్క ఊళ్లో మగ్గం వర్క్ చేస్తుంది. ఊరి ఆడపిల్లలు ఆమె దగ్గరికి వచ్చి నేర్చుకుంటారు. ఒకసారి వాళ్లింటికి పోతే ఒక పిల్ల ఫోను పట్టుకొని అంటోంది: "అక్కా, గిన్ని వీడియోలు చూసిన గానీ, నా దారం ఎందుకు తెగుతుందో ఎవ్వలు చెప్తలేరు." మా చెల్లె ఆ పిల్ల చేతి వంక ఒక్కసారి చూసింది. గుడ్డ వదులుగా బిగించావు, సూది కొక్కెం తిప్పకుండానే పైకి లాగుతున్నావు అని చెప్పింది. ఫ్రేము తాళ్లు బిగించి, మణికట్టు పట్టుకొని నాలుగు కుట్లు వేయించింది. అయిదో కుట్టు ఆ పిల్లే వేసింది. దారం తెగలేదు.

కొత్తవాళ్ల కోసం చెప్తున్నాను, మగ్గం వర్క్ అంటే బట్ట నేసే మగ్గం కాదు. నాలుగు కర్రల ఫ్రేముకు గుడ్డను డప్పులా బిగించి, కొక్కెం ఉన్న సన్నటి ఆరి సూదితో పైనుంచి గుచ్చి, కింద ఎడమ చేత్తో పట్టుకున్న దారాన్ని పైకి లాగుతూ వేసే గొలుసు కుట్టు. వీడియోలో పై చెయ్యి కనిపిస్తుంది. గుడ్డ కింద ఉన్న చెయ్యి కనిపించదు. పనంతా ఆ కనిపించని చేతిలోనే ఉంది.

ఇదే అసలు సంగతి. వీడియో చూపిస్తుంది గానీ, నేర్చుకునేవాళ్ల చేతిని చూడదు. మంచి గురువు విలువ చూపించడంలో సగమే, మిగతా సగం దిద్దడంలో ఉంది. జాకెట్టు కటింగ్ ఎవరైనా చూపిస్తారు. కుట్టి తొడిగాక చంక దగ్గర ముడత ఎందుకు పడిందో చెప్పాలంటే ఆ జాకెట్టునే చూడాలి. కాబట్టి మనం పెట్టే వెబ్‌సైట్ వీడియోల దుకాణం కాకూడదు, దిద్దే బడి కావాలి. నేర్చుకునేవాళ్లు తాము చేసిన పని ఫోటో తీసి పంపాలి. గురువు దాని మీద గీత గీసి, "ఇక్కడ తప్పింది, ఇట్లా చెయ్యి" అని గొంతుతో చెప్పి తిరిగి పంపాలి. వారానికొకసారి అందరూ ఒకే సమయానికి కూర్చొని, కింది చెయ్యి కూడా కనిపించేటట్టు ఇంకో ఫోను పెట్టి, గురువును ప్రశ్నలు అడగాలి.

ఇప్పుడు చెప్పండి. ఇది ఒక్కసారి షూటింగ్ చేసి మరిచిపోయే పనా? ప్రతి ఫోటోకూ ఒక మనిషి సమయం కావాలి. ఆ సమయం ఎవరిది? ఇంట్లో వంట చేసి, పిల్లలను బడికి పంపి, పెళ్లి జాకెట్ల ఆర్డరు పక్కన పెట్టి కూర్చునే ఒక ఆడమనిషిది. దాన్ని మనం సేవ అని పిలిచి ఉచితంగా తీసుకుందామా?

శాలువా కప్పి పోయారు

మా చెల్లెకు జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కింద ఒక సంస్థవాళ్లు, పేరు అనవసరం, ఆమె పని గురించి విని ఇంటికి వచ్చారు. గ్రామీణ కళాకారులను ప్రపంచానికి పరిచయం చేస్తామన్నారు. రెండు రోజులు లైట్లు పెట్టి షూటింగ్ చేశారు. ఆ రెండు రోజులు ఆమె పని ఆగిపోయింది. చివర్లో శాలువా కప్పి, మెమెంటో చేతిలో పెట్టి, ఒక కాగితం మీద సంతకం తీసుకొని వెళ్లారు. ఆ కాగితంలో ఏముందో ఆమె చదవలేదు, వాళ్లు చదివి వినిపించలేదు.

ఏడాది తర్వాత ఆ పాఠాలు డబ్బుకు అమ్ముడుపోతున్నాయని ఎవరో చెప్పారు. ఆమె ఫోనులో వెతికింది. తన చేతులే, తన గొంతే. మొదటి రెండు నిమిషాలు నడిచి వీడియో ఆగింది. మిగతాది చూడాలంటే చందా కట్టమంది. తన పాఠం తానే చూడాలంటే తానే డబ్బు కట్టాలి! "ఏం చేద్దాం అన్నా, నాకు అడగబుద్ధి కాలేదు" అంది. ఆ మెమెంటో ఇంకా వాళ్లింట్లో టీవీ మీద ఉంది.

నన్ను బాధపెట్టింది ఆ సంస్థ చేసిన పని ఒక్కటే కాదు, అడగబుద్ధి కాలేదన్న ఆ మాట. ఎందుకు కాలేదు? మన ఇళ్లలో తరతరాలుగా పని చేయడం అలవాటుంది గానీ ధర చెప్పడం అలవాటు లేదు. మన తాతలు వెట్టి చేశారు. పెట్టింది తీసుకున్నారు. ధర అడిగితే పొగరన్నారు. వెట్టి పోయింది గానీ అడగలేని ఆ బెరుకు మనలో ఇంకా పోలేదు. ఇప్పుడు మనమే, చదువుకున్న మనమే, మన అక్కచెల్లెళ్ల దగ్గరికి పోయి సేవ పేరుతో ఉచితంగా చెప్పమంటే, ఆ సంస్థకూ మనకూ తేడా ఏముంది? శాలువా రంగు తేడా తప్ప!

వంట మనిషి ఉచితంగా వండలేదు

మనం హాస్టల్లో ఉచితంగా తిని చదివాం కాబట్టి ఉచితం మీద మనకు గౌరవం ఎక్కువ. అది సహజం. కానీ ఒక్క నిమిషం ఆలోచించండి. మనం ఉచితంగా తిన్నాం గానీ, వంట మనిషి ఉచితంగా వండలేదు. ఆమెకు జీతం ఉంది. వార్డెన్ గారికి జీతం ఉంది. మనం కప్పుకున్న దుప్పట్లు, పరుచుకున్న జంపఖానాలు చేనేత సహకార సంఘాల నుంచి వచ్చాయి. వాటికి ప్రభుత్వం డబ్బు కట్టింది. మన దగ్గర తీసుకోకపోయినా ఎవరో ఒకరు కట్టారు. అది ప్రజల పన్నుల డబ్బు, మన హక్కు. నేర్చుకునేవాళ్లకు ఉచితం కావడం వేరు, నేర్పేవాళ్లకు కూలి లేకపోవడం వేరు. ఈ రెండింటినీ కలిపేయడమే మనం చేస్తున్న తప్పు.

చరిత్ర కూడా ఇదే చెబుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ ఒకప్పుడు ఆగిపోయే దశకు వచ్చింది. 1950ల చివర్లో కమలాదేవి ఛటోపాధ్యాయ పూనికతో అక్కడ ప్రభుత్వ శిక్షణ కేంద్రం వచ్చింది. పాత కళాకారులను గురువులుగా కూర్చోబెట్టి కొత్తవాళ్లకు నేర్పించారు. గుడ్డను కరక్కాయ, పాలల్లో తడపడం, ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వారాల తరబడి నానబెట్టి నల్ల రంగు తీయడం, పటికతో ఎరుపు పట్టించడం, ఇవన్నీ ఒక తరం నుంచి ఇంకో తరానికి అట్లా అందాయి. నేర్పడాన్ని ఒక ఉద్యోగంగా గుర్తించారు కాబట్టి ఆ కళ నిలబడింది. ఆ ఊరి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది.

ఇప్పటి సంగతే చూడండి. 2023 సెప్టెంబరులో కేంద్రం తెచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలో దర్జీ పని కూడా ఉంది. అందులో శిక్షణకు వచ్చినవాళ్లకు రోజుకు 500 రూపాయల స్టైపెండు ఇస్తారు. నేర్చుకునేవాళ్లకే రోజుకు 500 అని లెక్క కట్టిన కాలంలో, నేర్పేవాళ్లకు సున్నా అనడం ఏ న్యాయం?

ధర లేని పని ఎవరికీ కనిపించదు. పోచంపల్లి చీరకు నూలును ఆసు పోయాలి. ఒక్క చీరకు చెయ్యి తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. ఆ పని ఇంటి ఆడవాళ్లది. కూలి మాత్రం చీరకు లెక్క, ఆసుకు విడిగా లెక్క లేదు. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం తన తల్లి భుజం నొప్పి చూడలేక 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. కొడుకు చూశాడు కాబట్టి ఆ తల్లి కష్టం లోకానికి తెలిసింది. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత, అనుబంధ పనుల్లో 35.22 లక్షల మంది ఉంటే, వాళ్లలో వందకు 72 మంది ఆడవాళ్లు. ఎన్ని చేతులు లెక్కలోకి రాకుండా పోతున్నాయో ఆలోచించండి.

పెద్ద కంపెనీలు నేర్పిన పాఠం

చందా పెట్టగానే సరిపోదు. ఆ చందా ఎవరి చేతిలో ఉంటుందన్నదే ముఖ్యం. అమెరికాలో 2010లో క్రాఫ్ట్‌సీ అనే సంస్థ మొదలైంది. కుట్టు, అల్లికలు, బొంతల కుట్టు ఆన్‌లైన్‌లో నేర్పేది. బాగా పెరిగింది. 2017లో ఎన్‌బీసీ యూనివర్సల్ అనే పెద్ద మీడియా కంపెనీ దాన్ని కొన్నది, తర్వాత పేరు బ్లూప్రింట్ అని మార్చింది. 2020లో, అల్లికల మీద లోకానికి ఆసక్తి పెరుగుతున్న కరోనా కాలంలోనే, మూసేస్తున్నామని ప్రకటించింది. డబ్బు కట్టి కొన్న పాఠాలు ఉంటాయో పోతాయో తెలియక శిష్యులు, రాబడి ఏమవుతుందో తెలియక గురువులు ఆందోళన పడ్డారు. చివరికి ఇంకో కంపెనీ కొని పాత పేరుతోనే మళ్లీ నడిపింది. ఆ గురువులు ఏ తప్పూ చేయలేదు, పాఠాలు బాగానే చెప్పారు. కానీ తాళం చెవి వాళ్ల దగ్గర లేదు.

యుడెమీ అనే ఇంకో పెద్ద సంస్థ సంగతి చూడండి. చందాల ద్వారా వచ్చే రాబడిలో బోధకుల వాటా 25 శాతం ఉండేది. 2024లో దాన్ని 20 శాతానికి తగ్గించింది. స్కిల్‌షేర్‌లో ఎన్ని నిమిషాలు చూశారన్న లెక్కన బోధకులకు పంచుతారు. మా చెల్లె దారం ఎందుకు తెగుతుందో అర నిమిషంలో చెప్పింది. నిమిషాల లెక్క అయితే ఆ అర నిమిషానికి ఏమొస్తుంది? నిజానికి ఆ పిల్ల కట్టిన చందా అంతా ఆ అర నిమిషానికే చెల్లాలి.

అందుకే నా షరతులు మూడు. ఒకటి, పాఠం మీద హక్కు చెప్పిన మనిషిదే. ఆమె వద్దంటే తీసేయాలి. ఇంకెక్కడైనా చెప్పుకుంటానంటే ఆపకూడదు. రెండు, వసూలైన చందాలో కనీసం అరవై శాతం నేర్పేవాళ్లది. ఆ మాట తెలుగు కాగితం మీద రాసి, చదివి వినిపించి, ఒక ప్రతి ఆమె దగ్గర ఉంచాలి. మూడు, వెబ్‌సైట్ పేరు, పాస్‌వర్డులు, శిష్యుల జాబితా ఏ ఒక్కరి చేతిలోనో ఉండకూడదు. నేర్పేవాళ్లు సభ్యులుగా ఉన్న ఒక సంఘం పేరు మీద ఉండాలి. రేపు మన సాఫ్ట్‌వేర్ తమ్ముడు అమెరికా పోయినా బడి నడవాలి.

లెక్క చూద్దాం

ఊరికే మాటలు చెప్తే మన పాత లెక్కల సారు ఊరుకోరు. ఉదాహరణకు నెలకు 150 రూపాయల చందాతో 200 మంది చేరారనుకుందాం. వసూలు 30,000. ఆన్‌లైన్ చెల్లింపుల గేట్‌వేకు సుమారు 2 శాతం, దాని మీద పన్ను, కలిపి 700 పోతాయనుకుందాం. వెబ్‌సైట్‌కు, వీడియోలు దాచేచోటుకు 3,000. ఫోటోలు సర్ది, ఫోన్లు ఎత్తే ఒక విద్యార్థికి 5,000. నేర్పేవాళ్లకు అరవై శాతం అంటే 18,000. మిగిలింది 3,300. అది అవసరానికి దాచుకోవాలి.

మరి నేర్పే మనిషి పని ఎంత? ఒక్కొక్కరు నెలకు రెండు ఫోటోలు పంపితే 400 ఫోటోలు. ఒక్కోదానికి అయిదు నిమిషాలు వేసినా 33 గంటలు. వారానికి రెండు గంటల చొప్పున నాలుగు తరగతులు, ఇంకో 8 గంటలు. మొత్తం 41 గంటలకు 18,000 అంటే గంటకు సుమారు 440 రూపాయలు. కొత్త పాఠాల తయారీ సమయం కలిపితే కొంత తగ్గుతుంది. అయినా ఎవరి ముందూ చెయ్యి చాచకుండా ఇంట్లో కూర్చొని సంపాదించే గౌరవమైన కూలి.

ఈ లెక్కలో ఇంకో విషయం ఉంది. వెయ్యి మంది చేరితే దిద్దడానికి నెలకు 160 గంటలు దాటుతుంది. ఒక్క మనిషి వల్ల కాదు, ఇంకో నలుగురు గురువులు కావాలి. వీడియోలు అమ్మే కంపెనీకి శిష్యులు పెరిగితే లాభం పెరుగుతుంది. దిద్దే బడికి శిష్యులు పెరిగితే గురువులు పెరుగుతారు. మన ఊళ్లకు కావలసింది ఈ రెండోదే.

సాంకేతిక విషయాలు మన తమ్ముళ్లకు నాకన్నా బాగా తెలుసు. అయినా రెండు మాటలు. యాప్ కన్నా ముందు వెబ్‌సైటే మేలు. యాప్‌లో చందా తీసుకుంటే గూగుల్ ప్లే సాధారణంగా 15 శాతం కమీషన్ పట్టుకుంటుంది. పాఠాలు నడపడానికి మూడుల్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ 2002 నుంచీ ఉంది, ఏదీ కొనక్కర్లేదు. యూపీఐలో 2020 నుంచి ఆటోపే ఉన్నా, అడగకుండా ఖాతాలోంచి డబ్బు పోతుందంటే మన ఆడవాళ్లు భయపడతారు. మూడు నెలలకు ఒకసారి తామే కట్టే పద్ధతి ఉంచాలి. పాఠం తక్కువ డేటాతో నడవాలి. ఫోనులో దాచుకొని మళ్లీ మళ్లీ చూసుకునే వీలుండాలి.

మళ్లీ కులవృత్తులా?

ఒక పెద్దాయన నన్ను సూటిగా అడిగారు. "మన పిల్లలు చదువుకొని ఈ పనుల నుంచి బయటపడితే, మీరు మళ్లీ సూదీ దారం చేతికిస్తారా?" ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ఒక పథకం తెచ్చారు. పిల్లలు సగం పూట బడిలో, మిగతా సగం పూట తల్లిదండ్రుల వృత్తిలో ఉండాలన్నారు. పెరియార్ దాన్ని కులవిద్య అని తీవ్రంగా వ్యతిరేకించారు. 1954లో కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యాక అది రద్దయింది. రద్దు కావడం న్యాయం. ఈ ఇంట్లో పుట్టావు కాబట్టి ఈ పనే నేర్చుకో అనడం విద్య కాదు, సంకెల.

మనం చెప్పేది దానికి పూర్తిగా తలకిందులు. మన చందా బడిలో ఎవరైనా చేరవచ్చు, కులం అడగరు. నేర్పే మనిషిని గారు అని పిలుస్తారు, డబ్బు కట్టి నేర్చుకుంటారు. పాఠం చెప్పే అక్క కూతురు ఇంజనీరింగ్ చదువుతుంది, ఆ చదువుకు ఫీజు ఈ పాఠమే కడుతుంది. చేతిపని చేసేవాళ్లు తక్కువ, కాగితం పని చేసేవాళ్లు ఎక్కువ అన్న లెక్క పెట్టింది కులమే. మన రాష్ట్ర ఎస్సీ కులాల జాబితాలోనే 'మాల సాలె, నేతాని' అన్న పేరుంది. మనలోనూ నేత నేసిన తాతలున్నారు. ఆ సంగతి చెప్పుకోవడానికి సిగ్గుపడక్కర్లేదు, ఆ పనికే అంటిపెట్టుకొని ఉండాల్సిన అవసరమూ లేదు.

ఇంకో జాగ్రత్త కూడా కావాలి. అన్ని కళలనూ మనం తీసుకొచ్చి వెబ్‌సైట్‌లో పెట్టేయకూడదు. పోచంపల్లి ఇక్కత్‌లో చిటికి కట్టడం, పుట్టపాక తేలియా రుమాలు, ఇవి కొన్ని కుటుంబాల అన్నం ముద్ద. జిఐ గుర్తింపు పేరును కాపాడుతుంది గానీ, పని రహస్యం బయటపడితే దాన్ని తిరిగి తేలేదు. ఏది నేర్పాలో, ఎంతవరకు నేర్పాలో ఆ నేతన్నలే చెప్పాలి. పైగా నేతకు ఇంట్లో గుంట మగ్గం కావాలి, ఫోను చాలదు. మనం కుట్టుపని, మగ్గం వర్క్‌తో మొదలుపెడదాం. సూది, ఫ్రేము ఉంటే చాలు. తండాల్లో అవ్వలకు తెలిసిన లంబాడీ అద్దాల కుట్టు తర్వాత చేరుద్దాం. కర్ణాటకలోని సండూరులో లంబాడీ ఆడవాళ్లు ఆ కుట్టునే ఉపాధిగా మార్చుకున్నారు. 2023లో హంపీలో జి20 సమావేశం జరిగినప్పుడు వాళ్ల కుట్టుపని ప్రదర్శనకు గిన్నిస్ రికార్డు వచ్చింది. మన తండాల్లో ఆ కుట్టు తెలిసిన అవ్వలు పెద్దవాళ్లవుతున్నారు. ఆలస్యం చేస్తే అడగడానికి కూడా ఎవరూ మిగలరు.

మరి మన చెల్లెళ్ల సంగతి?

చందా పెడితే మన హాస్టల్ పిల్లలు, ఊళ్లో పేద ఆడపిల్లలు ఎట్లా నేర్చుకుంటారు? ఇక్కడే పూర్వ విద్యార్థుల పాత్ర ఉంది. ఇరవై మందికి చందా అంటే నెలకు 3,000. మనలో పదిమంది తలా 300 వేసుకుంటే సరిపోతుంది. ఆ ఇరవై మందికి పాఠం ఉచితం. కానీ వాళ్లను దిద్దే గురువుకు పూర్తి కూలి అందుతుంది. హాస్టల్ మనకు చూపిన పద్ధతే ఇది. మనం తిన్న అన్నానికి ఎవరో కట్టారు, ఇప్పుడు మన వంతు.

కట్టగలిగినవాళ్లు కూడా ఎంతోమంది ఉన్నారు. మన ఊరి మీదుగా రోజూ విమానాలు లేస్తాయి. వాటిలో దుబాయికి, డల్లాస్‌కు పోయే తెలుగు ఆడవాళ్లున్నారు. అక్కడ పెట్టెలోంచి పెళ్లి జాకెట్టు తీసి చూసుకొని, ఈ కుట్టు నాకూ వస్తే బాగుండు అనుకునేవాళ్లు తప్పకుండా ఉంటారు. వాళ్లకు నేర్పే గురువు రన్‌వే గోడ అవతల ఉన్న ఊళ్లో ఉంది. ఆమె తలమీదుగా విమానాలు పోతూనే ఉన్నాయి, వాటిలో ఎక్కినవాళ్ల డబ్బు మాత్రం ఇంతవరకు ఆమె గడప తొక్కలేదు.

మిత్రులారా, వచ్చే వార్షికోత్సవం లోపు ముగ్గురు గురువులతో, యాభై మంది శిష్యులతో చిన్నగా మొదలుపెడదాం. వెబ్‌సైట్ కట్టే పని మన తమ్ముడిది. ఒప్పంద పత్రం తెలుగులో రాసే పని లా చదువుతున్న మన చెల్లెలిది. మొదటి పది మంది దాతల్లో నా పేరు రాసుకోండి. ఆ రోజు సభలో గురువులకు శాలువాలు కప్పకపోయినా ఫరవాలేదు. మొదటి నెల కూలి ఎంత వచ్చిందో మైకులో వాళ్ల చేతే చెప్పిద్దాం.

మా చెల్లె నోటి నుంచి ఆ అంకె వినాలని నా కోరిక. అడగబుద్ధి కాలేదన్న మాట ఆమె నోట మళ్లీ రాకూడదు.

– ఒక పూర్వ విద్యార్థి